తువ్వాలు వేసిన సీటు, డబ్బు కట్టిన వరస

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే సగం నిండిపోతుంది. మనుషులతో కాదు, తువ్వాళ్ళతో. బస్సు మలుపు తిరుగుతుంటేనే పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి తువ్వాలో, చేతిసంచో, ఏదీ లేకపోతే పిల్లాడి టోపీయో లోపలికి విసురుతారు. అది పడిన సీటు వాళ్ళది. తలుపు దగ్గర తోసుకుని ముందు ఎక్కినవాడు కూడా దాన్ని తీసి పక్కన పెట్టడు, పెడితే రచ్చ. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. కాళ్ళలో సత్తువ, చేతిలో గురి ఉంటే చాలు. ముసలమ్మకూ చంటిబిడ్డ తల్లికీ ఆ రెండూ ఉండవు కాబట్టి వాళ్ళు ఎమ్మిగనూరు దాకా నిలబడే వస్తారు. డబ్బు కట్టి వరస దాటడం ఈ కాలపు పాపమని ఎవరైనా బాధపడితే నాకు ముందు ఆ తువ్వాలు గుర్తొస్తుంది. డబ్బు రాకముందు మన వరసలేమీ ధర్మంగా నడవలేదు.

ఈ మాటంతా ఎందుకొచ్చిందంటే, పోయిన వేసవిలో మా పెదనాన్న కొడుకు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ఎమ్మిగనూరులో చిన్న బట్టల కొట్టు ఆయనది. పిల్లల్ని హైదరాబాదు వండర్‌లాకు తీసుకుపోవాలి. టికెట్లు చూస్తుంటే మామూలు టికెట్టు పక్కనే ఫాస్ట్‌ట్రాక్ అని ఇంకోటి కనిపించింది, ధర చూస్తే గుండె జారింది. "ఏమప్పా, ఈ ఫాస్ట్‌ట్రాక్ అంటే ఏంది? తీస్కోవల్లా, వద్దా?" అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పాల్సిన జవాబు. నేను చెప్పలేకపోయాను. అప్పట్నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూ వచ్చినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు సరుకేమిటో చూద్దాం. వండర్‌లా సంస్థ 2000లో కేరళలోని కొచ్చిలో మొదలై, 2005లో బెంగళూరు దగ్గర బిడదిలో, 2016లో హైదరాబాదు శివార్లలోని రావిర్యాలలో పార్కులు తెరిచింది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు అందుబాటులో ఉన్నవి బెంగళూరు, హైదరాబాదు పార్కులే, అవి కూడా ఒక రాత్రి బస్సు దూరం. గేటు దగ్గర ఒకసారి టికెట్టు కొంటే లోపల రైడ్లకు విడిగా డబ్బు అక్కర్లేదు. అక్కర్లేదు గనకనే వరసలు పెరుగుతాయి. జాతరలో ప్రతి రంగులరాట్నానికీ చేతిలోంచి నోటు తీయాలి కాబట్టి మూడోసారి ఎక్కేముందు తండ్రి ఆలోచిస్తాడు. పార్కులో ఆ ఆలోచన ఉండదు. నోటుతో కట్టాల్సినదాన్ని అక్కడ నిలబడి కడతాం. ఫాస్ట్‌ట్రాక్ అనేది ఆ రెండో కరెన్సీని మళ్ళీ మొదటి కరెన్సీలోకి మార్చే కౌంటరు. అదనపు డబ్బు కడితే కొన్ని రైడ్ల దగ్గర విడిగా ఉన్న పొట్టి వరసలోంచి వెళ్ళొచ్చు. ధర రోజును బట్టి మారుతుంది. సెలవు రోజున మామూలు టికెట్టుకు రెట్టింపు దరిదాపుల్లో ఉంటుందనుకుని ఇంట్లో లెక్క వేసుకుంటే మోసపోరు.

ఆ పొట్టి వరసలోని నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయి? నేను ఎవరితో మాట్లాడినా ఇక్కడే ఆగుతాను. ఒక రైడులో ఇరవై సీట్లున్నాయనుకోండి. ఎక్కించి, బెల్టులు బిగించి, తిప్పి, దించేసరికి మూడు నిమిషాలు. గంటకు ఇరవై ట్రిప్పులు, నాలుగు వందల మంది. వరసలో నాలుగు వందల మంది ఉంటే చివరివాడి వంతు సరిగ్గా గంటకు వస్తుంది. ఇప్పుడు పాస్ ఉన్నవాళ్ళు గంటకు నూట యాభై మంది పక్క దారిలోంచి వచ్చి ఎక్కుతున్నారు. మామూలు వరసకు మిగిలేది గంటకు రెండు వందల యాభై సీట్లు. అదే చివరివాడు ఇప్పుడు గంటా ముప్పై ఆరు నిమిషాలు నిలబడాలి. యంత్రం ఒక్క సెకను కూడా వేగంగా తిరగలేదు. ఒక్క సీటు పెరగలేదు. పార్కు తన సమయమేమీ మీకు అమ్మలేదు, వెనక నిలబడ్డ మనిషి ముప్పై ఆరు నిమిషాలను చీల్చి అమ్మింది. అమ్మిన డబ్బులో ఆ మనిషికి పైసా రాదు.

ఫాస్టాగ్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర అది తప్పనిసరైంది. దానివల్ల ప్రతి బండీ తొందరగా దాటుతుంది, కాబట్టి వెనక ఉన్న లారీ కూడా బాగుపడుతుంది. అది వరసను కరిగించే పద్ధతి. ఫాస్ట్‌ట్రాక్ వరసను కరిగించదు, తిరగేస్తుంది. రెండింటినీ "టైమ్ సేవింగ్" అని ఒకే పేరుతో అమ్మడం మార్కెటింగు వాళ్ళ తెలివి. ఇంకో చిక్కుంది. పొట్టి వరసకు గిరాకీ ఉండాలంటే పొడుగు వరస పొడుగ్గానే ఉండాలి. ఇంకో రైడు కట్టాలంటే కోట్లు కావాలి. పక్కన ఇనుప కంచె పెట్టి ఒక దారి చేయడానికి ఎంతవుతుంది?

ఈ సరుకు మొదట ఉచితంగానే పుట్టింది. అమెరికాలో డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టినప్పుడు దానికి ధర లేదు. టికెట్టు యంత్రంలో పెడితే ఫలానా గంటకు రమ్మని చీటీ వచ్చేది. ఈలోపు మీరు తిరగొచ్చు, తినొచ్చు, డిస్నీ వారి బొమ్మలు కొనొచ్చు. అందరికీ ఒకే హక్కు, ఎవరు ముందు చీటీ తీస్తే వాళ్ళది. కరోనా కాలంలో అది ఆగింది. 2021లో తిరిగొచ్చేసరికి పేరు మారింది, ధర వచ్చింది. ఫ్లోరిడాలో మొదట మనిషికి రోజుకు 15 డాలర్లు. 2024 అక్టోబరులో ప్రీమియర్ పాస్ అని ఇంకో మెట్టు పైన కట్టారు. రోజును బట్టి, పార్కును బట్టి ఫ్లోరిడాలో ఒక్కరికి 129 నుంచి 449 డాలర్లు, ప్రవేశ టికెట్టు వేరే. అప్పటి మారకంలో పై అంచు ముప్పై ఏడు వేల రూపాయల పైమాట. డిసెంబరు సెలవుల్లో ఆ పార్కులుండే ఆర్లండోలో తెలుగు వినపడని వరస ఉండదు. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలను వెంటేసుకుని తిరిగే మన పిల్లలు అక్కడ చేసే లెక్క, ఎమ్మిగనూరు బట్టల కొట్టు లెక్క ఒకటే. తండ్రి మోకాళ్ళు ఎంతసేపు నిలబడగలవు, జేబు ఎంత నిలబడగలదు.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. దివ్యాంగులకు డిస్నీ ఇచ్చే సౌకర్యాన్ని వాడుకోవడానికి డబ్బున్న కుటుంబాలు దివ్యాంగులను కూలికి పెట్టుకుని వెంట తెచ్చుకుంటున్నాయని వార్తలొచ్చాక, 2013లో ఆ పద్ధతినే మార్చేశారు. డబ్బు నడిచే ద్వారం మూస్తే జాలి నడిచే ద్వారంలోంచి డబ్బే దూరుతుంది. ఇది చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. సౌకర్యం దక్కుతుందంటే మన దగ్గర ఆధార్ కార్డులో పుట్టిన ఏడాది మారడం కొత్తా?

వరసకు డబ్బు అన్న మాట రాగానే తెలుగువాడి మనసు పార్కు మీద నిలవదు, తిరుమలకు పోతుంది. అక్కడ ఒకే గర్భగుడికి ఎన్ని వరసలో లెక్క పెట్టుకుంటే ఈ ప్రశ్నకు ఒక పాఠ్యపుస్తకం తయారవుతుంది. ఏమీ కట్టక కంపార్టుమెంట్లలో గంటలు గడిపే సర్వదర్శనం. సమయం ముందే చెప్పే ఉచిత టోకెన్లు. కొండెక్కి నడిచొచ్చినవాళ్ళకు దివ్యదర్శనం. నెలల ముందు ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోయే మూడు వందల రూపాయల టికెట్టు. శ్రీవాణి ట్రస్టుకు పది వేలు విరాళమిచ్చి, పైన ఐదు వందలు కట్టే బ్రేక్ దర్శనం. ఇవికాక సిఫారసు ఉత్తరాలు. అంటే ఓపిక, కాళ్ళు, నెట్ స్పీడు, డబ్బు, పలుకుబడి. ఐదు కరెన్సీలు చెల్లే చోటు అది. 2019లో వీఐపీ దర్శనాల్లోని ఎల్1, ఎల్2, ఎల్3 తరగతులను రద్దు చేశారు, తరగతుల పేర్లు పోయాయి గానీ బ్రేక్ దర్శనం పోలేదు. గుళ్ళలో డబ్బు తీసుకుని ప్రత్యేక దర్శనం ఇవ్వడం మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జనవరి 31న విచారణకు తీసుకోలేదు. అలాంటి ప్రత్యేక మర్యాద ఉండకూడదన్నదే తమ అభిప్రాయమని చెబుతూనే, ఆదేశాలివ్వడం కుదరదంది. నిర్ణయం అధికారులకు వదిలేసింది.

అదే నెల 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్ళు నిలబడింది దర్శనం వరసలో కూడా కాదు, దర్శనానికి టోకెను ఇచ్చే వరసలో. వరసకు వరస. తర్వాతి వైకుంఠద్వార దర్శనానికి మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ డిప్‌లో తీశారు. లాటరీ అంటే చిన్నచూపు ఉంటుంది గానీ, నాకైతే ఐదు కరెన్సీలకంటే అదే నయమనిపించింది. అదృష్టానికి మోకాలినొప్పి ఉండదు, ఎమ్మెల్యే తెలిసి ఉండనక్కర్లేదు. స్మార్ట్‌ఫోను మాత్రం ఉండాలి, అదొక్కటే కొరత.

మా ప్రాంతంలో ఉరుకుంద ఈరన్నస్వామి సంగతి చూడండి. శ్రావణమాసంలో కర్ణాటక నుంచీ తెలంగాణ నుంచీ కూడా వచ్చే జనంతో ఆ చిన్న ఊరు పట్టదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు తుంగభద్ర ఒడ్డు నిండిపోతుంది. ఆ వరసల్లో నిలబడ్డ మా జేజి ఎప్పుడూ "కాళ్ళు నొచ్చినాయి" అనేది గానీ "టైమ్ వేస్టయింది" అనలేదు. ముందున్నామె ఏ ఊరు, ఆమె కోడలు ఏ ఊరు, ఆ ఊళ్ళో వాన పడిందా లేదా, అన్నీ ఆమెకు ఆ వరసలోనే తెలిసేవి. మొక్కు తీరే పనిలో నిలబడటమూ ఒక భాగమే. దాన్ని తగ్గించుకుంటే మొక్కు తగ్గినట్టు. అందుకే గుడిలో డబ్బు వరస నాకు గుచ్చుకుంటుంది, పార్కులో అంత గుచ్చుకోదు. పార్కులో నిలబడటం ఎవరి మొక్కూ కాదు.

డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణ శాస్త్ర పండితుడు 1985లో ఎదురుచూపుల మనస్తత్వం మీద ఒక వ్యాసం రాశాడు. చేతిలో పని ఉంటే సమయం తొందరగా గడుస్తుంది, ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికంటే బరువు, ఒంటరిగా నిలబడటం నలుగురితో నిలబడటంకంటే బరువు, అన్యాయంగా తోచిన ఎదురుచూపు న్యాయంగా తోచినదానికంటే బరువు అన్నాడు. పార్కులు మొదటి మూడూ ఒంటబట్టించుకున్నాయి. వరస మెలికలు తిప్పుతారు, నీడ వేస్తారు, "ఇక్కడినుంచి 45 నిమిషాలు" అని బోర్డు పెడతారు. నాలుగోదాన్ని మాత్రం తామే తయారుచేసి, దాన్నుంచి తప్పించుకునే టికెట్టును తామే అమ్ముతారు. పక్క కంచెలోంచి మీ కళ్ళముందే నలుగురు నడిచిపోతే మీ నలభై ఐదు నిమిషాలు తొంభైలా అనిపిస్తాయి. 2012లో వచ్చిన 'వాట్ మనీ కాంట్ బై' పుస్తకంలో మైఖేల్ శాండెల్ మొదటి అధ్యాయమే వరసలు దాటడం మీద రాశాడు. కొన్ని పార్కులు డబ్బిచ్చినవాళ్ళను వెనక తలుపుల్లోంచి, పక్క దారుల్లోంచి పంపుతాయని అందులో ఉంది. సిగ్గుపడాల్సిన పని అని వాళ్ళకూ తెలుసన్నమాట.

ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. ఎవరికి తొందర ఎక్కువో వాళ్ళు ఎక్కువ కడతారు, కాబట్టి సీటు అవసరమున్నవాడికే చేరుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది. కోసిగి, పెద్దకడుబూరు ఊళ్ళనుంచి సుగ్గికి పోయేవాళ్ళను చూసినవాళ్ళకు మాత్రం నమ్మకం కుదరదు. పంట చేతికి రాని ఏట ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. అక్కడ కోసినదాన్ని బట్టి కూలి. వాళ్ళ ప్రతి గంటకూ అక్షరాలా ధర ఉంది, ఆ గంట పోతే ఆ పూట కూలి తగ్గుతుంది. అయినా ఏ కౌంటరు దగ్గరా వాళ్ళ తొందరకు విలువ ఉండదు, ఎందుకంటే తొందర ఉండటం వేరు, దానికి కట్టే డబ్బుండటం వేరు. రేషను షాపు ముందు, ఆసుపత్రి ఓపీ ముందు, మునిసిపాలిటీ నీళ్ళు వచ్చే రోజు కొళాయి ముందు వాళ్ళ బిందెలే వరసలో ఉంటాయి. 2025 ఆగస్టులో యూరియాకు కరువొచ్చినప్పుడు మనుషులు నిలబడలేక చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి నీడకు పోయారు. చెప్పులు వరసలో ఉన్నంతసేపు అక్కడ ఎవరూ ఫాస్ట్‌ట్రాక్ అడగలేదు, అడిగి ఉంటే తన్నులాట అయ్యేది. కొన్ని వరసలకు జనం తామే కాపలా కాస్తారు.

అయితే డబ్బు కట్టి వరస దాటడం మా ప్రాంతంలో లేదనుకోకండి. ఆదోని పత్తి యార్డుకు రండి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి ఇది. ఇక్కడ ఆ ఫీజుకు ఫీజని పేరు లేదంతే. 2025–26కి పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకు కొనేది భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ. అక్కడ అమ్మాలంటే ఆ ఏటినుంచి కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాటు పట్టుకోవాలి. స్లాటు అంటే ఏమిటి? డిస్నీవారి పాత ఫాస్ట్‌పాస్ చీటీయే, ఫలానా రోజు రా అని. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, పన్నెండు దాటితే కొనరు, మధ్యలో కోత. స్లాటు వచ్చేదాకా పత్తి ఇంట్లో ఉంచాలి. ఇల్లు చిన్నది. పైన మబ్బు పట్టిందంటే గుండెల్లో రాయి పడుతుంది. విత్తనాల అప్పు, ఎరువుల అప్పు ఇచ్చినాయన రోజూ గుమ్మం ముందు బండి ఆపి పలకరిస్తుంటాడు.

అప్పుడు రైతు ట్రాక్టరు కట్టుకుని యార్డుకొచ్చి ప్రైవేటు వ్యాపారికి వేస్తాడు. సాయంత్రానికి తూకం, డబ్బు. క్వింటాలుకు 7,200 పలికిందనుకుందాం. మద్దతు ధరకూ దీనికీ తేడా 910 రూపాయలు. పది క్వింటాళ్ళకు తొమ్మిది వేల నూరు. లెక్క పుస్తకంలో దీన్ని "తక్కువ ధర" అని రాసుకుంటాం. నేను మాత్రం దీన్ని వరస దాటడానికి కట్టిన టికెట్టు అంటాను. పార్కు టికెట్టుకూ దీనికీ తేడా ఒకటే. అక్కడ డబ్బున్నవాడు కడతాడు, ఇక్కడ లేనివాడు కడతాడు. అప్పు లేని రైతు, గోదాము ఉన్న రైతు స్లాటు కోసం హాయిగా ఎదురుచూస్తాడు. చేతిలో పైసా లేనివాడు తొమ్మిది వేలు వదులుకుని తొందరగా బయటపడతాడు. వరసలో నిలబడగలగడమే ఇక్కడ భాగ్యం. మా పెదనాన్న కొడుకుకు ఈ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మామ పోయినేడు కట్టినాడప్పా ఈ టికెట్టు" అన్నాడు.

రైల్వేలది ఇంకో రకం. తత్కాల్ 1997లో వచ్చింది. ఎవరి ఇంట్లోనో చావు కబురొస్తే మద్రాసు వైపో బొంబాయి వైపో ఆదోనిలో రైలెక్కాల్సినవాడికి అదొక దారి. స్లీపరుకు అదనంగా కట్టేది రెండు వందలకు మించదు. ధర చిన్నదైన చోట దళారీ పుడతాడు. ఉదయం పదకొండు కొట్టగానే సాఫ్ట్‌వేరుతో సీట్లు ఊడ్చేసేవాళ్ళను ఆపడానికి 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి చేశారు. 2014లో వచ్చిన ప్రీమియం తత్కాల్ ఇంకో దారి పట్టింది. గిరాకీతో పాటు ధరా పెరుగుతుంది, దళారీకి వెళ్ళేది రైల్వేకే వెళుతుంది. ప్రయాణికుడికి ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

ఇక పార్కుకు. నా అనుభవం రెండుసార్లు, రెండూ బోల్తానే. మొదటిసారి చెల్లెలి పిల్లలతో ఒక పార్కుకు వెళ్ళాను, పేరు అనవసరం. నవంబరులో, బుధవారం. ఐదుగురికీ పాసులు తీశాను, గొప్పగా. లోపలికి పోతే రెండు వరసలూ ఖాళీ. మామూలు టికెట్టువాళ్ళు మాతోపాటే ఎక్కి, మాతోపాటే దిగి, మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. పిల్లలు చేతిపట్టీలను చొక్కా చేతుల కిందికి లాక్కున్నారు. రెండోసారి ఇంకో పార్కులో, రెండో శనివారం. ఆ పాఠంతో పాసు తీయలేదు. గేటు దగ్గర పదకొండు స్కూలు బస్సులు. పొద్దుగూకేసరికి పెద్ద రైడ్లు నాలుగు ఎక్కాం. అన్నిటికంటే పెద్దది మధ్యాహ్నం దాకా మరమ్మతులో ఉంది. పాసు తీసుకున్నాయన మా ముందు కౌంటరులో డబ్బు వాపసు అడిగి, లేదనిపించుకుని, కోపంతో ఐస్‌క్రీము కొనుక్కుని వెళ్ళాడు.

వాటినుంచి నేను నేర్చుకున్నది గంటలు లెక్క పెట్టొద్దని. పాసు లేకపోతే ఎక్కలేని పెద్ద రైడ్లెన్ని, అది లెక్క పెట్టాలి. పాసుకు అదనంగా మనిషికి వెయ్యి అనుకుంటే, సెలవు రోజున అది నాలుగు రైడ్లు ఎక్కువ ఇస్తుంది, రైడుకు రెండు వందల యాభై. నవంబరు బుధవారం ఒక్కటీ ఎక్కువ ఇవ్వదు, వెయ్యీ నీళ్ళపాలు. స్కూళ్ళకు పని దినమై, గేటు తెరిచే వేళకు చేరి, తిన్నగా పార్కు అటు చివరకు నడిచి అక్కడినుంచి వెనక్కి రాగలిగితే పాసు అక్కర్లేదు. మొదటి గంటలో వరస ఉండదు. గుంపు గేటు దగ్గరి రైడు దగ్గరే ఆగిపోతుంది. ఎత్తు కొలిచే గీత దాటని పిల్లలకు పెద్ద రైడ్లే లేవు, వాళ్ళకు పాసు తీయడం చెవిటివాడి ముందు శంఖమూదినట్టే. అలల కొలనుకు, నీళ్ళ ఆటల్లో చాలావాటికి వరసే ఉండదు. మా వైపు పిల్లలు నీళ్ళు చూస్తే బయటికి రారు కూడా. కొళాయిలో నీళ్ళకు రోజులు లెక్క పెట్టే ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళు మరి.

ఒక మాట మాత్రం మా ప్రాంతం వాళ్ళకు వేరుగా చెప్పాలి. హైదరాబాదు పిల్లాడు ఈ నెల ఎక్కకపోతే వచ్చే నెల ఎక్కుతాడు. రాత్రంతా బస్సులో కూర్చుని, ఒక్క రోజు పార్కులో ఉండి, మళ్ళీ రాత్రి బస్సెక్కే ఎమ్మిగనూరు పిల్లాడికి తర్వాతిసారి ఎప్పుడో తెలీదు, బహుశా పదో తరగతి అయ్యాక. బస్సు చార్జీలు, తిండి, కొట్టు మూసిన రెండు రోజుల నష్టం అన్నీ కలిపి చూస్తే పాసు ధర మొత్తం ఖర్చులో చిన్న పాలే. దూరంనుంచి వచ్చేవాడు పాసు తీసుకుంటే నేను తప్పు పట్టను. నాకు నచ్చనిది పార్కు గోడ పక్క అపార్టుమెంటులో ఉండి, ఏడాదికి ఆరుసార్లు పాసు తీసుకునేవాడు. అతని పొట్టి వరస కోసం నిలబడేది ఆ ఎమ్మిగనూరు పిల్లాడి తండ్రిలాంటివాడే, మా వైపునుంచి బస్సెక్కి వచ్చినవాడు.

జాతరలో ఈ గొడవ లేదు. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి రథోత్సవం అయ్యాక జెయింట్ వీల్ దగ్గర వరసే ఉండదు. గుంపు ఉంటుంది. చక్రం ఆగగానే నడిపేవాడు కింది పెట్టెలో నలుగురిని ఎక్కించి, సగం చుట్టు తిప్పి, ఎదురు పెట్టెను నింపుతాడు, బరువు సరితూగాలి కదా. కాబట్టి ముందొచ్చినవాడు ముందు ఎక్కడు, లావుగా ఉన్నవాడు అవసరమైనప్పుడు ఎక్కుతాడు. "అన్నా, నువ్వు రా, నువ్వు ఈ పక్క" అని వేలు చూపిస్తాడు. ఎవరూ వాదించరు. ఆ చక్రం దగ్గర నాకు దక్కిన ఒకే ఒక ఫాస్ట్‌ట్రాక్ నా పొట్ట.

మా పెదనాన్న కొడుకు చివరికి చేసింది ఇది. శనివారం మానుకుని మంగళవారం బయల్దేరాడు. అయినా వేసవి సెలవులు కావడంతో ఎందుకైనా మంచిదని, గీత దాటిన పెద్దపిల్లలిద్దరికి మాత్రం ఫాస్ట్‌ట్రాక్ తీశాడు. చిన్నదాన్ని, వదినను అలల కొలనులో వదిలి, తాను సంచులూ చెప్పులూ పట్టుకుని పెద్ద రైడు బయటికి వచ్చే దారి దగ్గర నీడలో నిలబడ్డాడు. పిల్లలు జుట్టు రేగి, కళ్ళు చెమర్చి, మాట రాకుండా వచ్చారు. "ఎంతసేపు తిరిగిందిరా?" అని అడిగాడు.

"రెండు నిమిషాలు కూడా లేదు నాయనా," అన్నాడు పెద్దోడు. అని, మళ్ళీ పొట్టి వరస ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోయాడు.